అరిగిన మడమలు

ఫిబ్రవరి 6

చిన్నా,

నీ ఉత్తరం నిన్న అందింది. దాన్ని ఉత్తరం అనాలా? "క్షేమంగా చేరాను, గది చిన్నది, పని మొదలైంది" అని మూడు ముక్కలు రాసి పడేశావు. టెలిగ్రాం ఇచ్చేవాళ్ళు కూడా ఇంతకంటే ధారాళంగా రాస్తారు. చిరునామా లేని ఉత్తరాల గదిలో పని అన్నావు. చిరునామానే లేకపోతే ఎవరికి పంపుతారు? గదిలో ఇంకెవరుంటారు? ఇవన్నీ రాయాలి కదా. నేనిక్కడ నాన్న పీట మీద కూర్చుని మేకులు కొడుతూ ఎంతని ఊహించుకోను?

కొట్టు బాగానే నడుస్తోంది. నాన్న పోయాక జనం రారేమో, ఆడమనిషి చేతికి బూట్లివ్వరేమో అని భయపడ్డాను. వస్తున్నారు. మొదటి వారం నా చేతుల వంక చూశారు, రెండో వారం నుంచి తమ బూట్ల వంక చూసుకుంటున్నారు. అన్నీ నాన్న పద్ధతే. పేరు రాయను. సోలు నడుమ సుద్దతో నంబరు వేస్తాను, వాళ్ళకిచ్చే చీటీ మీద అదే నంబరు.

లెక్కల మాస్టారు మాత్రం నా ప్రాణం తోడేస్తున్నాడు. పది రోజులకోసారి ప్రత్యక్షం. మొన్న మేకు ఊడిందన్నాడు. చూస్తే ఊడలేదు, ఊడగొట్టుకుని వచ్చాడు. మనిషి పొట్టి, నల్లబల్ల పొడుగు. పై వరస అందుకోవడానికి మునివేళ్ళ మీద లేస్తాడు కాబట్టి సోలు ముందుభాగమే అరుగుతుంది. బాగుచేసినంతసేపూ బల్ల మీద కూర్చుని కబుర్లు. ఆయన బూట్లకంటే ముందు నోటికి నాలుగు కుట్లు వెయ్యాలి.

వంతెన ఇంకా తెరవలేదు. అవతలి ఒడ్డున ఇటుక బట్టీల్లో జబ్బు తగ్గిందని కొందరు, లేదని కొందరు. కాపలావాళ్ళు మాత్రం పెరిగారు. అటు అడుగుపెట్టినవాడు మళ్ళీ ఇటు రానక్కర్లేదని బోర్డు కట్టారు.

వేళకి తిను. ఈసారి కనీసం రెండు పేజీలు.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

తిట్లు అందాయి. రెండు పేజీలు రాస్తున్నాను, లెక్కపెట్టుకో.

మా గది భవనానికి అడుగున ఉంది. గోడ వెంట ఒక పైపు వెళ్తుంది, అది రోజంతా కారుతుంది. మూడు బల్లలు, ముగ్గురు మనుషులు, గోనెసంచుల నిండా ఉత్తరాలు. వానకి తడిసి చిరునామా చెరిగిపోయినవీ, అసలు రాయడమే మరిచిపోయినవీ. మేము వాటిని తెరిచి చదివి, లోపలి మాటల్లో ఏదైనా ఆచూకీ దొరికితే మనిషిని పట్టుకుని చేరుస్తాం. దొరక్కపోతే ఆరు నెలలకి కాల్చేస్తారు. మొదటి వారమంతా నాతో ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదనుకో.

పోయిన సోమవారం ఒక పార్సెలు వచ్చింది. పైకాగితం చిరిగిపోయింది. లోపల ఒక జత బూట్లు, ఎవరో పైకుట్లు వేయించి తిరిగి పంపినవి. మిగతా ఇద్దరూ కాల్చే సంచిలో పడెయ్యబోయారు. నేను తీసుకున్నాను. కుడి బూటు ముందుభాగం నడిమధ్యన గుండ్రంగా అరిగింది, ఎడమది కొత్తదానిలా ఉంది. నువ్వైతే ఈపాటికి చెప్పేసేదానివి. కుట్టుమిషను తొక్కే కాలు. మడమ కింద తారు. తారు కొత్తగా వేసిన వీధి ఒక్కటే, అందులో దర్జీలు ఇద్దరు, ఒకడిది ఎడమకాలి వాటం. రెండోవాడి ఇంటికి పంపాం. ఆయనవే. ముసలాయన జతని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడట.

మర్నాడు సూపరింటెండెంటు నా బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఇది ఎక్కడ నేర్చుకున్నావయ్యా?" అన్నాడు. మా నాన్న కొట్లో, మా అక్కతో ఆడే ఆట అన్నాను. నవ్వలేదు. రాసుకున్నాడు.

నిజానికి ఆ ఆటలో నేనెప్పుడూ గెలవలేదు. నువ్వు ఒక్క చూపులో చెప్పేసేదానివి, నేను పావుగంట తిప్పి తిప్పి చూసి తప్పు చెప్పేవాణ్ణి. కళ్ళు మూసుకుని వేలితో చెప్పగలిగినది ఒక్క నీ జతే. ఎడమ మడమ బయటి అంచు కోసుకుపోయి ఉంటుంది, కుడి బొటనవేలి కింద చిన్న గుంట. అటక మీంచి పడి నువ్వు చీలమండ విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచీ అదే నడక. అది మాత్రం ఏ సంచిలో ఉన్నా పట్టేస్తాను.

తమ్ముడు


ఏప్రిల్ 3

జోళ్ళ జ్యోతిష్కుడికి అక్క శుభాకాంక్షలు.

ఆ దర్జీ ముసలాయన సంగతి చదివి ఎంత సంతోషించానో చెప్పలేను. నాన్న ఉంటే ఊరంతా తిరిగి చెప్పేవాడు. చెప్పేవాడు కాదులే. గుర్తుందా, "జోడు విప్పి మన చేతికిచ్చారంటే ఒంటి మీద బట్ట ఇచ్చినంత నమ్మకం, చూసింది గడప దాటకూడదు" అనేవాడు. చూసినవన్నీ కడుపులో పెట్టుకుని పోయాడు మహానుభావుడు. నాకేమో కడుపు ఉబ్బిపోతోంది. నువ్వూ కొట్లో మనిషివే కాబట్టి నీకు చెబితే గడప దాటినట్టు కాదు అని తీర్మానించుకున్నాను.

విను మరి. పోయిన వారం వాన రోజున ఒకేసారి ఏడు జతలు వచ్చి పడ్డాయి. అందులో సర్కారువారిచ్చిన నల్ల బూట్ల జత ఒకటి, అంచు కుట్టులో ఎర్రమట్టి! మన ఒడ్డున ఎర్రమట్టి ఎక్కడుంది? బట్టీల దగ్గర తప్ప. సోలు తిప్పి చూస్తే ముందుభాగం అరుగుదల. ఇంకెవరు, మన నల్లబల్ల మాస్టారే. చాటుగా నది దాటి షికార్లు కొడుతున్నాడన్నమాట! కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగే మనిషని తెలుసు కానీ మరీ ఇంత దూరమనుకోలేదు. అవతల ఎవరున్నారో ఏమో. మట్టంతా గీకి శుభ్రంగా మెరుగుపెట్టి ఉంచాను. వచ్చినప్పుడు ఓ ఆట ఆడుకుంటాను చూడు. మనిషి మీద ఒళ్ళు మండుతోంది నాకు.

కొట్టు ముందు గచ్చు పగిలింది. వేయించాలి.

నీ అక్క


ఏప్రిల్ 20

అక్కా,

నాకు గది మారింది. ఇప్పుడు మూడో అంతస్తు. కిటికీ ఉంది, కుర్చీకి చేతులున్నాయి. పైపు చప్పుడు లేకపోతే మొదటి రెండు రోజులూ పని సాగలేదు.

ఎలా మారిందంటే, పెద్ద పోస్టాఫీసు డబ్బాలో సంతకం లేని ఉత్తరం ఒకటి పడింది. పైవాళ్ళని తిడుతూ రాసినది. చేతిరాత చూసే నిపుణులు పది రోజులు నీళ్ళు నమిలారు. ఆ డబ్బా ముందు గచ్చు అప్పుడే వేశారు, ఆరకముందే ఎవరో తొక్కారు. సూపరింటెండెంటు నన్ను తీసుకెళ్ళి చూపించాడు. ఎడమ భుజాన బరువు మోస్తూ మెట్లు ఎక్కిదిగే మనిషి, కుడికాలు కొంచెం ఈడుస్తాడు అని చెప్పాను. రెండు రోజుల్లో పట్టుకున్నారు. ఇళ్ళకి పేపర్లు వేసేవాడట. మొదటి ప్రశ్నకే ఒప్పుకున్నాడట.

ఆట ఇన్నాళ్ళకి వంటపట్టిందనుకుంటాను. తేడా ఏమిటంటే, చిన్నప్పుడు నేను మనిషిని ఊహించుకుని బూటు చూసేవాణ్ణి, ఇప్పుడు బూటు చూశాకే మనిషి దగ్గరికి వెళ్తున్నాను. మనుషులు మాటలు మారుస్తారు, బూట్లు మార్చవు. బూట్లు అబద్ధం చెప్పవు అన్న వాక్యంతో ఒక నివేదిక మొదలుపెట్టాను. పైవాళ్ళకి నచ్చింది.

నువ్వు రాసిన ఆ ఎర్రమట్టి జత నంబరెంత? ఊరికే, ఆట కోసం అడుగుతున్నాను.

తమ్ముడు


మే 2

చిన్నా,

మూడో అంతస్తుకి ఎక్కినందుకు సంతోషం. కిటికీలోంచి ఏం కనిపిస్తుందో రాయలేదు. అదొక్కటీ నీకు రాదు.

ఆ పేపర్లు వేసేవాడి సంగతి ఏమైంది? పట్టుకున్నారు, ఒప్పుకున్నాడు అని ఆపేశావు. తర్వాత? పెళ్ళాం పిల్లలు ఉన్నారా? దర్జీ ముసలాయన బూట్లు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడని రాసినవాడివి, ఇతని గురించి ఒక్క ముక్క రాయలేదేం?

నంబరా? మాస్టారి చీటీ నలభై ఒకటి. అన్నట్టు ఆయన ఆ వాన రోజు నుంచీ మళ్ళీ రాలేదు. పరీక్షల దిద్దుబాటట. నలభై ఒకటి అర మీద కూర్చుని నా వంక చూస్తోంది. మనిషి ఉంటే ఒక గోల, లేకపోతే ఒక గోల.

అక్క


మే 9

అక్కా,

పని ఎక్కువగా ఉంది, అందుకే చిన్న ఉత్తరం.

అతను ఏమయ్యాడో నాకు తెలియదు. నా పని చదవడం వరకే. తర్వాతి సంగతి చూసే గది వేరే ఉంది, అది రెండో అంతస్తులో.

కిటికీలోంచి ఇంకో భవనం కిటికీలు కనిపిస్తాయి.

తమ్ముడు


మే 27

చిన్నా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగ్గా రాకపోతే సర్దుకో.

మాస్టారుని తీసుకెళ్ళారు. బుధవారం, బడి నడుస్తుండగా. పిల్లలందరి ముందు బూట్లు విప్పించి, వట్టి కాళ్ళతో బండెక్కించారట. తర్వాత కొట్టుకి వచ్చి "నలభై ఒకటి ఇవ్వు" అన్నారు. చీటీ అడిగాను. నవ్వి, అర మీంచి వాళ్ళే తీసుకున్నారు. నది దాటాడని ఆరోపణ అట.

నువ్విప్పుడు పెద్ద ఆఫీసులో ఉన్నావు, నీ మాట వింటారు. ఎవరినైనా అడుగు. ఎవరో గిట్టనివాళ్ళు చెప్పి ఉంటారు, పొరపాటని చెప్పు. నేను నీకు సరదాకి రాసింది ఎవరితోనైనా అన్నావా? అని ఉంటే వెనక్కి తీసుకో, వేళాకోళమని చెప్పు.

ఇంకో మాట. ఇన్నాళ్ళూ చెప్పకపోవడం నాదే తప్పు. ఆయన పది రోజులకోసారి వచ్చేది బూట్ల కోసం కాదు. ఆ సంగతి నాకూ తెలుసు, నాకు తెలుసని ఆయనకీ తెలుసు. ఈ వేసవి సెలవుల్లో నీకు రాసి, నువ్వు వచ్చాక పెళ్ళి చేసుకుందామనుకున్నాం. ఆయనంటే నాకు ప్రాణం. వెంటనే జవాబు రాయి.

అక్క


జూన్ 4

అక్కా,

ఉత్తరం చదివాను. నాకు నిజంగా తెలియదు.

మొదటి ఉత్తరం నుంచీ నువ్వు ఆయన మీద విసుక్కుంటూనే ఉన్నావు. ప్రాణం తోడేస్తున్నాడన్నావు, నోటికి కుట్లు వెయ్యాలన్నావు, ఒళ్ళు మండుతోందన్నావు. నీకు ఆయన పీడ అనుకున్నాను. నివేదికలో ఒక తాజా ఉదాహరణ కావలసి వచ్చింది, అది పెట్టాను. నీకో ఇబ్బంది తప్పుతుందని కూడా అనుకున్నాను. ఒక్క మాట ముందే రాసి ఉంటే వేరే ఉదాహరణ పెట్టేవాణ్ణి.

గిట్టనివాళ్ళెవరూ చెప్పలేదు. ఫైల్లో ఉన్నది నీ ఉత్తరమే. ఏప్రిల్ మూడోది, రెండో పేరా. నంబరున్న ఉత్తరం కూడా జతచేశాను. నీదని తెలియకుండా పైనా కిందా కత్తిరించాను. ఆ జాగ్రత్త తీసుకున్నాను.

ఇప్పుడు నేను అడిగితే, చదివినవాడికే నమ్మకం లేదంటారు. కొంతకాలం ఆగు.

తమ్ముడు


జూన్ 11

చిన్నా,

ఆగను. ఈ ఉత్తరం నిలబడి చదువు.

ఆ బూట్లు మాస్టారివి కావు.

నిన్న ఒక మనిషి చీటీ పట్టుకుని తన జత కోసం వచ్చారు. అర మీంచి తీసిచ్చాను. నల్ల బూట్లు, సర్కారువి, ముందుభాగం అరుగుదల. ఇస్తూ ఇస్తూ వేలు పెట్టి చూస్తే కుట్టు లోపల ఇంకా చిటికెడు ఎర్రమట్టి. చీటీ మీది నంబరు మళ్ళీ చూశాను, నలభై ఒకటి కాదు. ఆ వాన రోజు నేను నంబరు చూడలేదురా. అరుగుదల చూశాను, చూసి నవ్వుకున్నాను, మాస్టారివే అనేసుకున్నాను. ఇంత పనితనం వచ్చినదాన్ని, నంబరు చూడడం నామోషీ అయిపోయింది నాకు. మునివేళ్ళ మీద లేచేది నల్లబల్ల దగ్గరొక్కటే కాదని, పై అరలు అందుకునేవాళ్ళ బూట్లూ అలాగే అరుగుతాయని తట్టనే లేదు. మీవాళ్ళు పట్టుకెళ్ళిన నలభై ఒకటిలో మట్టి లేదు, ఎప్పుడూ లేదు.

వాళ్ళెవరో చెప్పను. ఎందుకు దాటుతున్నారో నాతో చెప్పారు. కొట్టు గడప దాటించకూడని మాట అది. చిన్నప్పటి నువ్వైతే విని, నీ బూట్లు కూడా ఇచ్చి పంపేవాడివి.

చిన్నప్పటి నువ్వు అని రాశాక ఇంకోటి గుర్తొచ్చింది. పోస్టుమాను జత. నీకు తొమ్మిదేళ్ళు. అతను కుంటుతాడని చెప్పావు. నాన్న నవ్వి కాదన్నాడు. నువ్వు ఎవరూ చూడకుండా ఆకురాయి తీసి ఆ ఎడమ మడమ ఒక పక్కకి అరగదీశావు. నెల తిరక్కుండా పాపం అతను నిజంగానే కుంటడం మొదలుపెట్టాడు. "చెప్పలేదూ!" అని నువ్వు ఎగిరావు. నాన్న కనిపెట్టి అడిగితే నా చెయ్యి జారిందన్నాను. వారం రోజులు నన్ను పీట ముట్టుకోనివ్వలేదు. నువ్వు ఏడుస్తావని అలా చెప్పాను. నువ్వు ఏడవలేదు కూడా. నేను ఆ రోజు నిజం చెప్పి ఉండాల్సింది.

నువ్వు ఎక్కువేమీ చెయ్యక్కర్లేదు. చదవడంలో పొరపాటు జరిగింది అని ఒక్క వాక్యం రాయి. పొరపాటు నాదని రాయి. ఆయన వట్టి కాళ్ళతో ఉన్నారు.

అక్క


జూన్ 18

అక్కా,

సూటిగా రాస్తున్నాను, నొచ్చుకోకు.

ఆ ఒక్క వాక్యం రాయలేను. నా నివేదిక ఆధారంగా ఇప్పటికి అరవైమూడు ఫైళ్ళు నడిచాయి. ఒకటి తప్పంటే అరవైమూడూ తిరిగి తెరవాలి. ఆ పేపర్లు వేసేవాడిది కూడా. అతనిది ఇక తెరిచి లాభం లేదు, ఈ మధ్యే తెలిసింది.

పొరపాటు చదవడంలో లేదు. అరుగుదలని నువ్వు సరిగ్గానే చదివావు, మనిషిని తప్పు కలిపావు. సరైన మనిషిని చెప్పు, మాస్టారుని వదిలేస్తారు. ఆ మాట మీద పైవాళ్ళ సంతకం తీసుకున్నాను. పై అరలు అని నువ్వే రాశావు. మన ఊళ్ళో సర్కారు బూట్లు వేసుకుని పై అరలు అందుకునేవాళ్ళు నా లెక్కకి ముగ్గురు. లైబ్రరీలో పుస్తకాలు తీసేవాడు, ఆసుపత్రి కాంపౌండరు, రికార్డుల గది గుమాస్తా. ముగ్గురినీ తెచ్చి అడగొచ్చు. అది మోటు పద్ధతి. ముగ్గురూ ఒప్పుకుంటారు.

అంతకంటే మంచిది ఇంకోటి ఉంది, పైవాళ్ళు నిన్న ఆమోదించారు. జులై 15 లోగా మన ఊళ్ళో పెద్దవాళ్ళందరూ తలా ఒక జత, వాడుకలో ఉన్నది, మా విభాగానికి అప్పగించాలి. బదులుగా కొత్త జత ఇస్తారు, అందరికీ ఒకటే రకం. మన ఊరితో మొదలు. బాగా జరిగితే వచ్చే జనవరి నుంచి అన్ని ఊళ్ళకీ, ఏడాదికోసారి. ఆ తేదీ నుంచి బూట్లు బాగుచేయడం నిషేధం. బాగుచేస్తే అరుగుదల పోతుంది కదా. కొట్టు మూయాల్సి వస్తుంది. నీకు ఇక్కడ పని చూస్తాను, నీకంటే బాగా చదివేవాళ్ళు లేరు.

విభాగాధికారి,
పాదరక్షల పరిశీలన విభాగం


జులై 14

చిన్నా,

నాకు రాసే ఉత్తరం కింద హోదా పెట్టకు. చిన్నా అని పెట్టు. అది నేను పెట్టిన పేరు, మీ పైవాళ్ళు ఇచ్చింది కాదు.

నీ ఉత్తర్వు బజారు గోడ మీద అంటించారు. జనం చదివి తిన్నగా మన కొట్టుకే వచ్చారు. మూసేముందు చివరిసారి బాగుచేయించుకుందామని అనుకుని ఉంటారు. వీధి చివరిదాకా వరస. పొద్దున్న తలుపు తీస్తే సాయంత్రం దాకా తల ఎత్తలేదు, ఇరవై రోజులు. నాన్న ఉన్నప్పుడు కూడా ఇంత బేరం లేదు. వేళ్ళన్నీ బొబ్బలెక్కాయి. ఏం చేస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. ఒక్కరూ అడగలేదు కూడా. బూట్లు అందుకుని, నాలుగడుగులు వేసి, నడక కాస్త తేడాగా ఉందని గ్రహించి, నా ముఖం చూసి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు. ఈ ఊరి మీద నాకింత ప్రేమ ఉందని నాకే తెలియదు.

జతలన్నీ నిన్న బండికెక్కాయి. నాలుగు వందల పన్నెండు. నాది కూడా వాటిలోనే ఉంది.

దీంతో ఇంకో కాగితం పెడుతున్నాను. ఎర్రమట్టి జత నాదని, నది దాటింది నేనేనని, లెక్కల మాస్టారికి ఏ సంబంధమూ లేదని రాసి సంతకం చేశాను. నీకు ఒక మనిషి కావాలి కదా, ఇస్తున్నాను. బూట్లు అబద్ధం చెప్పవని రాసింది నువ్వే. తెరిచి చదువుకో.

లేదంటే ఆ కాగితం చింపెయ్. చదవడంలో తప్పు ఉందని మీవాళ్ళకి చెప్పి, నీ కుర్చీ వదిలేసి ఇంటికి రా. పీట మీద ఇద్దరికీ చోటు లేదు కానీ, నేను నిలబడతాను. నువ్వు వస్తావనే ఇంకా అనుకుంటున్నాను. అనుకోవడం మానెయ్యడం నాకు రావడం లేదు.

అక్క


ఆగస్టు 1

అక్కా,

సంచులు నా సమక్షంలోనే విప్పారు. మొదటి జత పెద్ద మగవాడిది, పదకొండో సైజు. ఎడమ మడమ బయటి అంచు కోసుకుపోయి ఉంది, కుడి బొటనవేలి కింద చిన్న గుంట. రెండోది ఎవరో ముసలావిడది. అదే. పదో జత దగ్గర నేను కళ్ళు మూసుకుని వేలితో చూశాను. చివరిదాకా అలాగే చూశాను. నాలుగు వందల పన్నెండింటిలోనూ నువ్వే నడిచావు. ఆకురాయి గీతలు కూడా లేవు. ఇసుకతో రుద్ది మైనం పట్టించావు. ఇంత చక్కటి పని నాన్న చేతిలో కూడా చూడలేదు.

సూపరింటెండెంటు పక్కనే నిలబడి, "దీని అర్థమేమిటి?" అన్నాడు. రెండే జవాబులున్నాయి. అరుగుదలని ఎవరైనా ఎలాగైనా తయారుచేయవచ్చు, కాబట్టి మా విభాగం చదివినదానికి విలువ లేదు అనడం ఒకటి. ఒక దోషి తన నేరం కప్పిపుచ్చుకోవడానికి ఊరందరి ఆధారాలూ చెడగొట్టింది అనడం రెండోది. నువ్వు నది దాటలేదని ఈ భవనంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నీ చీలమండతో ఆ గట్టు దిగలేవు.

నీ కాగితం రెండు రోజులు బల్ల మీద ఉంచుకున్నాను. చింపడానికి ఒకసారి చేతిలోకి తీసుకున్నాను కూడా. తర్వాత ఫైల్లో పెట్టాను.

లెక్కల మాస్టారుని మంగళవారం వదిలేశారు. బూట్లు ఇచ్చి పంపమన్నాను, ఇచ్చారు. ఎర్రమట్టి ఫైలు మూసేశాం. ఆ ముగ్గురి జోలికి ఇక ఎవరూ పోరు. పద్ధతి జనవరి నుంచి అన్ని ఊళ్ళలోనూ అమలవుతుంది. ఆకురాళ్ళు ఇళ్ళలో ఉంచుకోకూడదని ఒక నిబంధన కొత్తగా చేర్చాను. అది నీ దగ్గర నేర్చుకున్నదే.

పోస్టుమాను సంగతి నాకూ గుర్తుంది. నాన్న నిన్ను అడుగుతున్నప్పుడు నేను తలుపు వెనకే ఉన్నాను. నువ్వు చెబుతావేమోనని చూస్తున్నాను. నువ్వు చెప్పలేదు. అప్పుడు నాకు భయం పోయింది.

బండి గురువారం పొద్దున్న వస్తుంది. మేమిచ్చిన కొత్త జత వేసుకోకు, దాని సోలు పలచన. అటక మీద నాన్న పాత జత ఉండాలి, లోపల గుడ్డ పెట్టి అది వేసుకో. దిగాక చాలా దూరం నడవాలట.

చిన్నా